కొండమీది చెరువుకు కుటుంబ సమేతంగా ఒక రోజు

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. మా తెలుగు పుస్తకాలు చదివి నేర్చినది కాదు, గుంటూరు బజార్లలో, బస్సుల్లో, ఇరుగుపొరుగుతో మాట్లాడి నేర్చినది. ఎక్కడైనా మాట తడబడితే పెద్దమనసుతో సర్దుకోవలసిందిగా మనవి.

ఈ శీతాకాలంలో మన సంఘం కుటుంబాలన్నీ కలిసి కొండవీడు వెళ్ళాలని, మెట్ల దారిన నడిచి పైనున్న చెరువు దాకా పోయి, సాయంత్రానికి ఇల్లు చేరుకోవాలని కార్యవర్గం వారు అనుకుంటున్నారు. చాలా సంతోషం. ఏర్పాట్ల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. లెక్కల మాస్టారు కదా, ఎంతమందికి ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని కిలోల మాంసం అని లెక్క వేసి పెడతాడని అనుకున్నారేమో! లెక్కలు తప్పకుండా చెబుతాము. గాని దానికి ముందు, ఇదే కొండ విషయంలో మేము తప్పు చేసిన లెక్క ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉంది.

అది 2008వ సంవత్సరం, జనవరి నెల. మా అమ్మీ పుట్టిన ఊరు ఆ కొండకు కనుచూపు మేరలోనే ఉంటుంది. చిన్నప్పుడు ప్రొద్దున లేచి వాకిట్లోకి వస్తే ఎదురుగా ఆ కొండే కనిపించేదట. దానిమీద చెరువులున్నాయని, ఎండాకాలంలో కూడా నీళ్ళుంటాయని వాళ్ళ నాన్న చెప్పేవారట. అరవై ఏళ్ళు వచ్చినా ఆమె ఆ కొండ ఎక్కింది లేదు. పెళ్ళికి ముందు ఆడపిల్లవు వద్దన్నారు, పెళ్ళయ్యాక తీరిక లేకపోయింది. సరే, ఈసారి అమ్మీని తీసుకుపోదాం అని మూడు కుటుంబాల వాళ్ళం అనుకున్నాం. ఆ ప్లాను ఎక్కడ వేశామంటారు? టీ కొట్టు దగ్గర నిలబడి, నలుగురు మగవాళ్ళం, పావుగంటలో వేసేశాం. వ్యాను మాట్లాడాం. కొండ కిందనే పొయ్యి పెట్టి బిర్యానీ వండుకోవాలని తీర్మానించాం. ఇంటికి వెళ్ళి ఆడవాళ్ళకు చెప్పాం. వాళ్ళను అడగలేదు, చెప్పాం అంతే.

ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు మా శ్రీమతి, మా వదిన లేచి ఉల్లిపాయలు కోసి, వేయించి, మాంసానికి మసాలా పట్టించి, దేగ్చీలు, గరిటెలు, పళ్ళాలు, దస్తర్‌ఖాన్ మూట కట్టారు. మేము తీరిగ్గా లేచి, తొమ్మిదిన్నరకు బయలుదేరి, పదిన్నరకు కొండ కిందికి చేరాము. పొయ్యి వెలిగించి ఇచ్చి, "మీరు వండుతూ ఉండండి, మేము పిల్లలతో పైకి పోయి చూసి వచ్చేస్తాం, తర్వాత మిమ్మల్ని తీసుకుపోతాం" అని చెప్పి ఎక్కడం మొదలుపెట్టాము. అప్పటికి ఘాట్ రోడ్డు లేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. మనిషికొక సీసా చొప్పున తెచ్చుకున్న నీళ్ళు సగం దారిలోనే అయిపోయాయి. మా పెద్దవాడికి అప్పుడు అయిదేళ్ళు, నడవనని కూర్చుంటే భుజాన వేసుకున్నాము. చెరువు చేరేసరికి ఒంటిగంట. కాసేపు కూర్చుని, ఫోటోలు తీసుకుని, ఆకలితో కాళ్ళీడ్చుకుంటూ దిగివచ్చేసరికి మూడున్నర.

కింద ఏం జరిగిందో వినండి. వంట పన్నెండున్నరకే అయిపోయింది. మగవాళ్ళు రాకుండా ఎలా తింటామని ఆడవాళ్ళు ఎవరూ తినలేదు. మా అమ్మీకి షుగరు. ప్రొద్దున మాత్ర వేసుకుని, రెండు బిస్కెట్లు తిని వచ్చింది. రెండు గంటలయ్యేసరికి ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడిందట. మా శ్రీమతికి ఏం తోచిందో గాని, టీ కోసం తెచ్చిన పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. అల్లా దయవల్ల అమ్మీ తేరుకుంది. ఆ పంచదార లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవాలంటే భయమే.

ఇక "తర్వాత మిమ్మల్ని తీసుకుపోతాం" అన్న మాట సంగతి. తినేసరికి నాలుగున్నర. సూర్యుడు వాలిపోతున్నాడు. సామాను కడిగి వ్యాను ఎక్కాము. దారిలో అమ్మీ అడిగింది, ఉర్దూలోనే అడిగింది, తెలుగులో చెబుతున్నాము: "బేటా, చెరువు ఎలా ఉంది?"

ఆమె బాధపడకూడదని మేము, "ఏముందిలే అమ్మీ, నీళ్ళే" అన్నాము.

"ఆ నీళ్ళే కదా చూద్దామనుకున్నాను" అని ఊరుకుంది.

2016లో ఆమె పోయింది. మళ్ళీ తీసుకువెళ్ళలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూనే ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఇదంతా మీకు కన్నీళ్ళు తెప్పించడానికి చెప్పడం లేదు. ఈ సంవత్సరం మన సంఘం వేసుకున్న ప్లానులో కూడా, కొండ కింద వంట, వంటకు ఆడవాళ్ళు, కొండమీదికి మిగతావాళ్ళు అని ఉంది. కార్యవర్గంలోని మిత్రులు మంచి ఉద్దేశంతోనే అలా అనుకున్నారు. మేము కూడా 2008లో మంచి ఉద్దేశంతోనే అనుకున్నాము. కాబట్టి ఆ ఒక్కటి మార్చండని అడగడానికే ఈ వేదిక ఎక్కాము.

ఇంతకూ మా లెక్క ఎక్కడ తప్పింది? మేము అందరికన్నా వేగంగా నడిచేవాడి కాళ్ళను బట్టి ప్లాను వేశాము. కొండకు కుటుంబంతో పోయేటప్పుడు అందరికన్నా మెల్లగా నడిచే మనిషినుండి లెక్క మొదలుపెట్టాలి. ఆ మనిషి ఎవరో తెలియాలంటే ప్రతి ఇంట్లో ముందుగా మూడు ప్రశ్నలు అడగాలి. మొదటిది, మెట్లు ఎక్కలేనివారు ఎవరు? రెండోది, మందులు వేసుకునేవారు ఎవరు, ఏ వేళకు, తిండికి ముందా తర్వాతా? మూడోది, మన ప్లాను ప్రకారం కిందనే ఉండిపోయేవారు ఎవరు, ఎందుకు? ఈ మూడో ప్రశ్న మేము ఆ రోజు అడిగి ఉంటే మొత్తం ప్లాను మారిపోయేది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కొండ నడకకు ఒక పాత సూత్రం ఉంది. 1892లో స్కాట్లండ్ దేశంలో నైస్మిత్ అనే ఆయన చెప్పాడు. చదునునేల మీద గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఒక గంట అదనం. కొండవీడు సముద్రమట్టానికి వెయ్యి అడుగులు పైబడిన కొండ. లెక్క కోసం దారి 2 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 300 మీటర్లు అనుకుందాం. 2 కిలోమీటర్లకు 24 నిమిషాలు, ఎత్తుకు 30 నిమిషాలు, మొత్తం 54 నిమిషాలు. "అబ్బో, గంట కూడా పట్టదే!" అనుకోకండి. అది అలవాటున్న, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. పిల్లలు, పెద్దవాళ్ళు, ఏడాది పొడుగునా మెట్లు ఎక్కని మనలాంటి వాళ్ళు ఉంటే దాన్ని రెట్టింపు చేయాలి. అంటే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. మూడుచోట్ల పదేసి నిమిషాలు కూర్చుంటే రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. రెండున్నర గంటలు అనుకోవడం క్షేమం.

కాబట్టి ప్రొద్దున ఏడు గంటలకు మొదటి మెట్టు మీద కాలు పెట్టాలి. తొమ్మిదిన్నరకు చెరువు దగ్గర ఉంటాం. ఎండ ముదరకముందే ఎక్కడం అయిపోతుంది. మూడున్నర గంటలపాటు హాయిగా కూర్చుని, తిని, జుహర్ నమాజు పైననే చదువుకుని, ఒంటిగంటకు దిగడం మొదలుపెట్టాలి. దిగడం సులువని అనుకుంటాం గాని మోకాళ్ళమీద భారం దిగేటప్పుడే ఎక్కువ. దానికి రెండు గంటలు. మూడింటికి కిందికి వస్తాం. డిసెంబరులో మన వైపు అయిదున్నర దాటిన కాసేపటికి సూర్యుడు అస్తమిస్తాడు. ఎవరికైనా కాలు బెణికినా, పిల్లవాడు మొరాయించినా మన చేతిలో రెండున్నర గంటల వెలుతురు మిగిలి ఉంటుంది. ఆ మిగులే మనకు ధైర్యం.

ఇంకొక నియమం. తిరుగు వేళ కిందనే నిర్ణయించుకోవాలి. పదిన్నర అయ్యేసరికి ఇంకా చెరువు రాకపోతే, అక్కడే నీడ చూసుకుని కూర్చుని, తిని, దిగివచ్చేయాలి. "ఇంకాస్త దూరమే" అన్న మాటను ఎవరూ వినకూడదు. కొండ ఎక్కడికీ పోదు.

ఏ నెల అన్నది కూడా ముఖ్యమే. ఎండాకాలంలో మన గుంటూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొండమీద చల్లగా ఉంటుందిలే అనుకునేవారికి ఒక మాట. పైకి వెళ్ళే కొద్దీ ప్రతి కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన కొండ ఎత్తుకు తగ్గేది రెండు డిగ్రీలే. ఊటీ అనుకుని బయలుదేరవద్దు. వానల్లో వెళ్తే మెట్లు జారుతాయి, పొదల్లో పాములు కనిపించవు. వానలు వెనుకబట్టి చెరువులు నిండుగా ఉండే డిసెంబరు, జనవరి నెలలే మంచివి.

ఇక నీళ్ళు. రోజంతటికి మనిషికి 3 లీటర్లు పెట్టుకోవాలి. ఆరు కుటుంబాలు, 24 మంది అనుకుంటే 72 లీటర్లు. లీటరు నీళ్ళు ఒక కిలో బరువు. అంటే 72 కిలోలు. ఇప్పుడు చెప్పండి, ఎవరు మోస్తారు? మా పాత పొరపాటు ఇక్కడ కూడా ఉంది. అప్పుడు నీళ్ళకు బదులు దేగ్చీలు మోసుకుపోయాము. ఒక లీటరు నీళ్ళలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే అదే దాహం తీర్చే మందు. చెంచా అంటే టీ చెంచా. అలాంటి సీసా కుటుంబానికి ఒకటి ఉండాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని కాబట్టి కొలత తప్పవద్దు. కొలవడానికి ఓపిక లేకపోతే మందుల షాపులో ఓఆర్‌ఎస్ పొట్లాలు దొరుకుతాయి.

తిండి విషయంలో మీరు మామీద కోపం తెచ్చుకోకూడదు. బిర్యానీ వద్దంటున్నాము! ప్రొద్దున వండి మూత బిగించిన అన్నం, మాంసం మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉంటే అందులో క్రిములు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. వండిన వంట రెండు గంటలకు మించి బయట ఉంచరాదని డాక్టర్లు చెబుతారు. పోనీ అక్కడే వండుకుందామంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర బందీ కావలసిందే. అడవిలో మంట పెట్టడం కూడా క్షేమం కాదు. ఉర్దూలో దారిబత్తేన్ని తోషా అంటాము, టిఫిను క్యారియరును తోషాదాన్ అంటాము. మన పెద్దవాళ్ళు ప్రయాణానికి కట్టుకుపోయినవి ఏమిటి? రొట్టెలు, ఆవకాయ, వేయించిన శనగలు, ఖర్జూరాలు. మన తెలుగు ఇరుగుపొరుగు కట్టుకుపోయేది పులిహోర. చింతపండు పులుపుకు అది తొందరగా పాడవదు. వాటికి తోడు అరటిపళ్ళు, పల్లీ చిక్కీలు చాలు. రొట్టెలు ముందు రోజు సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి చేయవచ్చు. అందరూ అంటే మగవాళ్ళు కూడా. పిండి పిసకడానికి డిగ్రీ అక్కరలేదు. బిర్యానీ కావలసినవారికి రాత్రి ఇంటికి వచ్చాక ఉండనే ఉంది.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాము. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని నడవవద్దు. జేబులో పంచదార గాని బెల్లం గాని ఉండాలి. చెమట, వణుకు, కంగారు, తిక్కమాటలు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలు చూడాలి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. కొండమీద అన్నిచోట్లా ఫోన్ పనిచేస్తుందని నమ్మకండి. ఎక్కుతూ ఏ మలుపు దగ్గర సిగ్నలు వస్తోందో ఒకరు చూసి గుర్తు పెట్టుకోవాలి. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకండి. మనిషిని కదలనివ్వకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చడమే మందు.

ఇంకొక సంగతి మన సభల్లో ఎవరూ మాట్లాడరు. మేము ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా మాట్లాడుతున్నాము, పెద్దలు తప్పుగా అనుకోవద్దు. విహారయాత్ర అనగానే చాలామంది ఆడపిల్లలు, ఆడవాళ్ళు "మేము రాములే" అంటారు. దానికి కారణం బద్ధకం కాదు. మూత్రవిసర్జనకు చోటు ఎక్కడుంటుందో తెలియదు. ఆ భయంతో ప్రొద్దుటినుండి నీళ్ళు తాగరు. తాగకుండా ఎండలో నడుస్తారు, కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ముందుగా ఇద్దరు వెళ్ళి, కింద ఎక్కడ సౌకర్యం ఉంది, పైన ఎక్కడ ఉంది, లేకపోతే ఏ చోట పరదా కట్టవచ్చు అన్నది చూసి రావాలి. ఒక దుప్పటి, నాలుగు తాళ్ళు తీసుకుపోతే చాలు. ఇది చూడకుండా నడక తేదీ నిర్ణయించరాదు. చెప్పులు కూడా అంతే. జారే చెప్పులతో మెట్లు ఎక్కవద్దు, మడమకు పట్టీ ఉన్నవి గాని బూట్లు గాని ఉండాలి. బుర్ఖా, చీర, లంగా ఏది కట్టుకున్నా అంచు మడమ కింద పడకుండా చూసుకోవాలి.

ఇప్పుడు చెరువు దగ్గరికి వచ్చాం. కొండమీద ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడున్నాయి. నది లేదు, కాలువ లేదు. వాననీళ్ళే ఆధారం. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు ఈ దుర్గాన్ని రాజధాని చేసుకున్నారు. తర్వాత గజపతులు ఏలారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. 16వ శతాబ్దం చివర గోలకొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. అప్పుడు దీనికి ముర్తజానగర్ అని పేరు పెట్టారు, గుంటూరు సర్కారుకు కూడా ఆ పేరే నడిచింది. తర్వాత ఫ్రెంచివారు, ఆ తర్వాత ఇంగ్లీషువారు. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా పైన ఉన్న సైన్యం తాగింది ఆ వాననీళ్ళే. పైన గుళ్ళు ఉన్నాయి, మసీదు ఉంది, కూలిన బురుజులు ఉన్నాయి. పిల్లలకు రాజుల పేర్లు బట్టీ పట్టించడంకన్నా, ఏడాదంతా ఇంతమందికి సరిపడా నీళ్ళు ఎలా దాచుకున్నారో ఆ ఒడ్డున కూర్చుని ఆలోచించమని చెప్పండి. నీళ్ళ లెక్క తప్పితే కోట నిలవదు. మన రోజు కూడా నిలవదు.

అయితే ఆ నీళ్ళతోనే జాగ్రత్త. పాత చెరువుల్లో రాళ్ళకు నాచు పట్టి ఉంటుంది, లోతు ఎక్కడ ఎంతో పైకి తెలియదు. మునిగిపోయేవాడు సినిమాల్లో లాగా కేకలు వేయడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా పోతాడు. కాబట్టి నీళ్ళ దగ్గర ఉన్నంతసేపు పిల్లలను చూడడమే పనిగా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. అరగంటకు ఒకసారి వాళ్ళను మార్చాలి. ఆ అరగంట వాళ్ళు ఫోన్ ముట్టకూడదు. వజూ చేసుకునేవారు చెరువులోకి దిగకుండా లోటాతో ఒడ్డున చేసుకోవాలి. ఎవరైనా పడితే ఈత రానివాడు వెంట దూకరాదు, తాడు గాని ముడివేసిన దుపట్టాలు గాని విసరాలి. అందుకే 20 మీటర్ల తాడు సామాన్ల జాబితాలో మొదట రాయండి. రాతి అంచున నిలబడి సెల్ఫీలు వద్దు. తిన్న కాగితాలు, సంచులు ఒక్కటి కూడా అక్కడ వదలవద్దు. మనం వెళ్ళిన చోటు మనం వచ్చినట్టు తెలియకూడదు.

ఇంతవరకు చెప్పినది ఊహించి చెప్పినది కాదు. 2023 జనవరిలో మేము మళ్ళీ వెళ్ళాము. ఈసారి ప్లాను మా భోజనాల గదిలో వేశాము, ఇంట్లో అందరూ కూర్చున్నారు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆమె సంగతి మొదట తేలాకనే మిగతా లెక్క వేశాము. ఇప్పుడు కొండమీదికి ఘాట్ రోడ్డు ఉంది కదా. అత్తగారు, మా వదిన, నీళ్ళ డబ్బాలు, తోషాదాన్లు బండిలో ఘాట్ రోడ్డున పైకి వచ్చారు. మిగతావాళ్ళం మనిషికి లీటరున్నర నీళ్ళతో మెట్ల దారిన నడిచాము. చెరువు దగ్గర కలుసుకున్నాము. కింద ఎవ్వరూ మిగల్లేదు.

మా శ్రీమతి మెట్ల దారినే నడిచింది. మాకంటే ముందు ఎక్కింది, అది వేరే సంగతి. ఒడ్డున రాతిమీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మీ వచ్చి ఉంటే ఈ రాయిమీదనే కూర్చునేవారు, నీడ ఉంది" అంది. మేము జవాబు చెప్పలేకపోయాము. పదిహేనేళ్ళ కిందట ఆమె కూడా ఆ పొయ్యి దగ్గరే ఉండిపోయిందని, ఆమెను ఎవరూ చెరువు ఎలా ఉందని అడిగే అవకాశం కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కార్యవర్గం వారికి మా విన్నపాలు నాలుగే. ఒకటి, కొండ కింద వంట తీర్మానం రద్దు చేయండి. రెండు, ప్రతి ఇంటికీ ఆ మూడు ప్రశ్నలు పంపి, జవాబు ఆడవాళ్ళ చేత కూడా రాయించండి. మూడు, నడవలేనివారికి ఘాట్ రోడ్డున రెండు బండ్లు పెట్టండి, ఆ ఖర్చు బియ్యం, మాంసం డబ్బుతో సరిపోతుంది. నాలుగు, ముందు ఆదివారం ఇద్దరు వెళ్ళి దారి, నీడ, మరుగుదొడ్డి, ప్రవేశ రుసుము, గేటు వేళలు చూసి రావాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. వెళ్ళేవారు లేకపోతే మేము, మా శ్రీమతి సిద్ధంగా ఉన్నాము. ఆమెను అడిగే చెబుతున్నాము.

ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ముసలి తల్లులు ఉన్నారు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. వాళ్ళలో ఎవరు ఏం చూడాలనుకుని ఊరుకున్నారో ఇవాళ ఇంటికి పోయి అడగండి. కొండవీడే కానక్కరలేదు. గాని అడగండి. వచ్చే ఏడు అనకండి.

మా మాటల్లో ఏదైనా ఎక్కువ తక్కువ ఉంటే మన్నించండి.  ఖుదా హాఫిజ్.